జాతరకు పోదాం – చెవిని కాపాడుకుందాం
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, ఆరోగ్య కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. వాటికి నేను కలపగలిగింది ఏమీ లేదు. కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ విషయం తీసుకోమంటారని అడిగాను. "మీకు తెలిసిందే చెప్పండి" అన్నారు. నాకు తెలిసింది కరెంటు. 1974లో రాష్ట్ర విద్యుత్ బోర్డులో హెల్పరుగా చేరి, 2008లో లైన్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. ఆ ముప్పై నాలుగేళ్లలో ఎన్నో జాతరలకు టెంపరరీ సర్వీసులు ఇచ్చాను. స్తంభం దగ్గర నిలబడి ఎన్నో రాత్రులు పాటలు విన్నాను. కనుక ఆరుబయట జరిగే పాట గురించి, ఆ పాటలోకి వచ్చిన కరెంటు గురించి, ఈ రెండింటి మధ్య చిక్కుకున్న మన ముసలి చెవుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ విషయమే ఎందుకంటే, గత రెండు మూడేళ్లుగా మన సంఘం ఆఫీసులో కూర్చున్నప్పుడు ఒకే మాట పదేపదే వింటున్నాను. "జాతరలకు పోవడం మానేసినం. ఆ డీజే మోత తట్టుకోలేం" అని. మిత్రులారా, ఇది చిన్న మాట కాదు. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చొని, పెద్దయ్యాక పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకొని పోయిన చోటికి ఈ వయసులో పోలేకపోతే, మనకు ఊరితో ఉన్న ఒక దారం తెగిపోయినట్టే. మనం ఇంట్లో కూర్చుంటే జాతర ఆగదు. కానీ గొల్లసుద్దులు చెప్పేవాడి ఎదుట కూర్చొని, "ఆ, తర్వాత?" అని తల ఊపే మనిషి ఒకడు తగ్గుతాడు. ఇలాంటివారు వందమంది తగ్గితే సుద్దులు చెప్పేవాడు ఎవరి కోసం చెప్పాలి?

మన నేల మీద జరిగే జాతరలు

మన రెండు పాత జిల్లాల్లో ఆరుబయలు ఉత్సవాలకు కొదవ లేదు. 2016లో జిల్లాల విభజన తర్వాత పేర్లు మారాయి గాని గట్లు అక్కడే ఉన్నాయి. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. దాన్నే పెద్దగట్టు జాతర అంటాం. రాష్ట్రంలో మేడారం తర్వాత అంత పెద్ద జాతర ఇదేనని చెబుతారు. ఇంతకుముందు 2023 ఫిబ్రవరిలో, ఆ తర్వాత 2025 ఫిబ్రవరి 16 నుంచి 20 వరకు జరిగింది. కేసారం నుంచి దేవరపెట్టె గట్టుకు చేరడం, యాదవ సోదరులు గజ్జెల లాగులు తొడుక్కొని భేరీలు మోగిస్తూ లింగా లింగా అంటూ గట్టెక్కడం చూసినవారు మరిచిపోరు. ఆ ఐదు రోజులు హైదరాబాదు–విజయవాడ రహదారి మీద బండ్లను వేరే దారికి మళ్లిస్తారంటే జనం ఎంతో ఊహించుకోవచ్చు.

నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు మీద జడల రామలింగేశ్వర స్వామి బ్రహ్మోత్సవాలు, అగ్నిగుండాలు మాఘమాసంలోనే. మహబూబ్‌నగర్ వైపు కార్తీకంలో కురుమూర్తి జాతర. అక్కడ స్వామికి ఉద్దాలు, అంటే పాదుకలు, చిన్నవడ్డెమాన్‌లో తయారై ఊరేగింపుగా కొండకు పోతాయి. నల్లమల లోపల చైత్ర పున్నమికి సలేశ్వరం. అక్కడ రాళ్ల దారిలో లింగమయ్యను పిలుచుకుంటూ లోయలోకి దిగడమే ఒక సంగీతం. పెద్ద పులుల అడవి కాబట్టి ఆ కొద్ది రోజులే అనుమతి.

ఈ నాలుగింటిలోనూ గమనించండి. పాట అనేది వేదిక మీద ఒకరు పాడితే కింద కూర్చొని వినేది కాదు. నడుస్తూ, ఎక్కుతూ, మొక్కుతూ అందరూ కలిసి చేసేది. అందుకే రేడియోలోనో టీవీలోనో విన్నా ఆ తృప్తి రాదు. మనిషి స్వయంగా పోవలసిందే.

గొంతు నుంచి గొట్టం మైకు దాకా

కరెంటు రాకముందు పాట ఎంత దూరం పోయేది? గొంతు ఎంత దూరం పోతే అంత. అయినా పోయింది. నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామానికి చెందిన సుద్దాల హనుమంతుగారు 1940లలో గొల్లసుద్దులను, బుర్రకథను తీసుకొని సాయుధ పోరాటం మాటను ఊరూరికీ చేర్చారు. చిందు భాగోతులు కాగడాల వెలుగులో తెల్లవార్లూ ఆడేవారు. వినేవారే దగ్గరకు జరిగి కూర్చునేవారు. వెనకాల ఉన్నవాడికి వినబడకపోతే ముందున్నవాడు చెప్పేవాడు. నిశ్శబ్దం వినేవాళ్ల బాధ్యత.

తర్వాత కారు బ్యాటరీతో నడిచే ఆంప్లిఫయరు, వేపచెట్టుకు కట్టిన గొట్టం మైకు వచ్చాయి. అదేమో ముప్పై వాట్ల సరుకు. దానితోనే ఊరంతా మేలుకునేది. 1970లు, 80లలో ఊళ్లకు లైన్లు వేస్తూ పోతుంటే, మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు మా వెనకే వచ్చేవాడు.

1980ల చివర్లో జాతర వేదికల మీదికి ఆర్కెస్ట్రాలు వచ్చాయి. ఒక రాత్రి నేను సర్వీసు ఇచ్చిన వేదిక మీద ఒక కుర్రవాడు డప్పు లేకుండా, డోలక్ లేకుండా, ఎనిమిది రబ్బరు పలకలున్న ఒక పెట్టె ముందు నిలబడి కర్రలతో కొడుతుంటే అన్ని వాద్యాలూ పలికాయి. దాన్ని ఆక్టోప్యాడ్ అంటారని తర్వాత తెలిసింది. పక్కన క్యాసియో కీబోర్డు. రెండూ జపానువే. ఆ రోజుల్లో మన లైన్ల మీద వోల్టేజి ఎట్లుండేదో మీకు తెలుసు. వోల్టేజి పడిపోతే కీబోర్డు మూగబోయేది, జనం నావైపు చూసేవారు. అప్పుడు వేదిక కింద కూర్చున్న డప్పులవాళ్లు లేచి, మంట దగ్గర డప్పు కాచుకొని ఒక దెబ్బ వేసేవారు. డప్పుకు ఫ్యూజు పోదు కదా!

జపాను సంగతి

జపాను ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెబుతాను. మా పెద్దబ్బాయి కూతురు ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్నది. పాటలంటే ప్రాణం. ఆ కరెంటు సంగీతం కచేరీలకు, కొండల్లో జరిగే ఉత్సవాలకు సెలవు పెట్టుకొని మరీ పోతుంది. "అంత దూరం పోయి మోత వినడం ఎందుకమ్మా, ఇక్కడ గణపతి నిమజ్జనానికి వస్తే ఉచితంగా వినబడుతుంది గదా" అని ఫోనులో పరాచికమాడాను. "తాతా, అక్కడ సంగతి వేరు" అంటూ చాలాసేపు చెప్పింది. ఆమె చెప్పినవి, నేను చదివి తెలుసుకున్నవి కలిపి మీ ముందుంచుతాను.

మన వేదికల మీదికి వచ్చిన ఆ ఆక్టోప్యాడును 1985లో తయారుచేసింది రోలాండ్ అనే కంపెనీ. దాన్ని 1972లో ఒసాకాలో స్థాపించినవారు ఇకుతారో కాకెహాషి అనే ఆయన. వేర్వేరు కంపెనీల ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటట్టు 1983లో వచ్చిన మిడి అనే ఏర్పాటుకు గాను, ఆయనకూ, అమెరికాకు చెందిన డేవ్ స్మిత్‌కూ 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం ఇచ్చారు. 1978లో టోక్యోలో ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా అనే ముగ్గురు సభ్యుల బృందం ఈ యంత్రాలతోనే పాటలు కట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. అంటే కరెంటు సంగీతానికి జపాను ఒక పుట్టిల్లు వంటిది.

అక్కడ ఫూజీ రాక్ అని ఒక పెద్ద ఆరుబయలు సంగీతోత్సవం ఉన్నది. 1997లో ఫూజీ పర్వతం దగ్గర మొదలుపెట్టారు. మొదటి ఏడే తుఫాను వచ్చి రెండో రోజు కార్యక్రమం రద్దు చేయవలసి వచ్చింది. 1999 నుంచి నీగాటా ప్రాంతంలోని నాయెబా అనే కొండ ప్రాంతంలో సాధారణంగా జూలై చివర జరుపుతున్నారు. 2020లో మాత్రం కరోనా వల్ల జరగలేదు. కొండ మీద ఒకటి కాదు, చాలా వేదికలు. ఒకదాని నుంచి ఇంకోదానికి అడవిలో నడిచి పోవాలి. వాన తప్పదు కాబట్టి రెయిన్‌కోటు, రబ్బరు బూట్లు వేసుకొని పోతారట. గొడుగు తెరిస్తే వెనకవారికి కనబడదు కాబట్టి వేదికల ముందు గొడుగులుండవట. ఎవరి చెత్త వారే వేరుచేసి డబ్బాల్లో వేస్తారట. మా మనుమరాలు ఒక ఫోటో పంపింది. అందులో మూడేళ్ల పిల్లవాడు తండ్రి భుజాల మీద కూర్చొని ఉన్నాడు. మన జాతరలో పిల్లవాడి లెక్కనే ఉన్నాడు. ఒక్కటే తేడా, వాడి రెండు చెవుల మీద పెద్ద మూతలున్నాయి. పాట వినడానికి వచ్చి చెవులు మూసుకోవడమేమిటని నేను అడిగాను. "మోత తగ్గుతుంది తాతా, పాట తగ్గదు" అన్నది.

ఇంకొకటి కూడా చెప్పింది. అక్కడ వేసవిలో పితృదేవతల కోసం బోన్ ఒదోరి అనే ఆట ఆడతారు. నడుమ మంచె కట్టి, దాని చుట్టూ వలయంగా తిరుగుతూ, చేతులు కదుపుతూ ఆడతారు. అచ్చం మన బతుకమ్మ చుట్టూ తిరిగినట్టే. ఐచీ ప్రాంతంలోని తోకాయి అనే పట్టణంలో, చుట్టుపక్కల ఇళ్లవారికి ఇబ్బంది కాకుండా లౌడ్‌స్పీకర్లు తీసేసి, ఆడేవారందరూ చెవిలో చిన్న రేడియోలు పెట్టుకొని ఒకే పాట వింటూ ఆడే పద్ధతి కూడా పెట్టారు. బయట నిలబడి చూసేవారికి పాట వినబడదు, అడుగుల చప్పుడు మాత్రమే. ఇది మా ఇంటావిడకు చెబితే నవ్వింది. "ఒకరి పాట ఒకరికి వినబడకపోతే అది బతుకమ్మ ఎట్లయితది?" అన్నది. ఆమె మాట నిజం. మనం అంత దూరం పోనక్కరలేదు. కానీ పండుగను వదులుకోకుండా, పక్కింటివాడి నిద్రను కూడా లెక్కలోకి తీసుకోవచ్చునన్న ఆలోచన మాత్రం తీసుకోదగ్గది.

యంత్రం చేసిన మేలు

నేను కరెంటు వాద్యాలకు వ్యతిరేకిని కాను. కరెంటు పెట్టిన తిండి తిన్నవాణ్ని. మైకే లేకపోతే కిన్నెర ఇవాళ ఎందరికి తెలిసేది? పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న, మియాసాబ్ కథలు పాడతారు. వెదురు బొంగు, సొరకాయ బుర్రలతో చేసిన ఆ వాద్యం నాదం చాలా మెల్లనిది. దగ్గర కూర్చుంటే తప్ప పూర్తిగా అందదు. 2021లో ఒక సినిమా పాటలో ఆయన గొంతు, కిన్నెర వినబడిన తర్వాత ఊరూరా ఆయన పేరు తెలిసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారులు దాసరి కొండప్పగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇంతటి సన్నని నాదాన్ని మైకు పట్టుకొని వెయ్యి మందికి వినిపిస్తే అది యంత్రం చేసిన పుణ్యమే.

అదే యంత్రం పక్కనున్న కిన్నెరను, భేరీని, మనిషి గొంతును మింగేస్తే అప్పుడు వస్తుంది తగువు.

మా ఇంట్లో జరిగినది

2022లో ఒక ఊళ్లో నిమజ్జనం ఊరేగింపు. ఊరి పేరు, సెట్టు పేరు చెప్పను. అవి చెప్పుకొని ప్రయోజనం లేదు. మా ఇంటావిడ అరుగు మీద నిలబడి హారతి ఇవ్వడానికి చూస్తున్నది. డీజే బండి సరిగ్గా అరుగు ముందర ఆగింది. సందు ఇరుకు, వెనక్కి జరగడానికి చోటు లేదు. ముప్పావుగంట అక్కడే నిలిచింది. ఆ రాత్రి ఆమెకు రెండు చెవుల్లో గుయ్యిమని మోత. తెల్లవారినా తగ్గలేదు. వారం తర్వాత చెవి డాక్టరుకు చూపిస్తే, వయసుతో కొంత, మోతతో కొంత వినికిడి తగ్గిందని, పోయినది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకొమ్మని చెప్పారు.

మా కాలనీలో బతుకమ్మకు పాట ఎత్తేది ఆమెనే. నలభై ఏళ్లుగా ఆమె పాట అందుకుంటే మిగతావారు పలికేవారు. ఆ ఏడు బతుకమ్మ పేర్చింది గాని ఆటకు పోలేదు. మరుసటి ఏడు పెద్దగట్టుకు కూడా రానన్నది. నాకు ఆ రోజు నుంచి ఈ లెక్కలు చూడాలనిపించింది. ఉద్యోగంలో వాట్లు లెక్కపెట్టినవాణ్ని, ఇంట్లో డెసిబెళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

కొన్ని లెక్కలు

శబ్దాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. 85 డెసిబెళ్ల మోతలో ఎనిమిది గంటల వరకు ఉండవచ్చునని ఒక లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్లకు సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 94 అయితే ఒకటి, 97 అయితే అరగంట, 100 అయితే కేవలం పావుగంట. మా ఇంటావిడ నిలబడింది ముప్పావుగంట.

ఇంకొక లెక్క డీజే పిల్లలకు చెప్పండి. కరెంటు పదింతలు ఖర్చు చేస్తే శబ్దం పెరిగేది 10 డెసిబెళ్లే. చెవికి అది దాదాపు రెండింతలుగా తోస్తుంది, అంతే. ముప్పై వాట్ల గొట్టం మైకు కంటే రెండింతలు వినబడాలంటే మూడు వందల వాట్లు కావాలి. నాలుగింతలకు మూడు వేలు. అంటే జనరేటరులో పోసే డీజిలులో చాలా భాగం గొప్పకు పోతున్నది, పాటకు కాదు.

మనకు పనికొచ్చే లెక్క మూడోది. ఆరుబయట బాక్సు నుంచి దూరం రెట్టింపయితే సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ఐదు మీటర్ల దగ్గర 100 ఉంటే, పది మీటర్ల దగ్గర 94, ఇరవై దగ్గర 88, నలభై దగ్గర 82. పావుగంటకు మించి ఉండకూడని చోటు నుంచి నలభై మీటర్లు వెనక్కి వస్తే సాయంత్రమంతా కూర్చోవచ్చు. ఇంత చవకైన మందు ఇంకేమున్నది? గట్టు మీద ఈ వీలున్నది, ఇరుకు సందులో లేదు. అందుకే ఊరేగింపు కంటే జాతర మనకు మేలు.

వయసు పైబడితే ముందుగా తగ్గేది సన్నని నాదాలు వినే శక్తి. స, శ, త, క వంటి హల్లులు జారిపోతాయి. అందుకే మనకు "వినబడుతున్నది గాని అర్థం కావడం లేదు" అనిపిస్తుంది. సౌండు పెంచితే ఈ ఇబ్బంది తీరదు, స్పష్టత పెంచితే తీరుతుంది. ఈ సంగతి మన ఇళ్లలో కోడళ్లకు, కొడుకులకు కూడా తెలియాలి. ముసలాయనకు చెవుడని గట్టిగా అరిస్తే ప్రయోజనం లేదు. ముఖం చూస్తూ నిదానంగా చెబితే చాలు.

చట్టం ఏమంటున్నది

శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకరు వాడకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు. పండుగల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. 2005 జూలైలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టి తీర్పు ఇచ్చింది. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో సంగీత కార్యక్రమాల కోసం ఒక ప్రమాణం ప్రకటించింది. సగటున 100 డెసిబెళ్లు దాటకూడదు, శబ్దాన్ని కొలుస్తూ ఉండాలి, చెవి మూతలు అందుబాటులో ఉంచాలి, కాసేపు చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద స్థలం ఒకటి ఉండాలని అందులో చెప్పారు. ఇవి కచేరీలకు చెప్పినవే అయినా మన జాతర కమిటీలకూ పనికొస్తాయి.

చట్టం ఉన్నది కదా అని ప్రతిదానికీ పోలీసులకు ఫోను చేయమని నేను చెప్పను. ఊళ్లో రేపు మళ్లీ మొగం మొగం చూసుకోవాలి. ముందు మాట, తర్వాత దరఖాస్తు, చివరికే ఫిర్యాదు. ఉద్యోగంలో మనం నేర్చుకున్న పద్ధతి అదే కదా.

పోయేటప్పుడు పాటించవలసినవి

జాతరకు పోదలచిన మిత్రులకు నా అనుభవం మీద కొన్ని సూచనలు.

మందుల దుకాణంలో నురుగు చెవిమూతలు దొరుకుతాయి. వేళ్ల మధ్య సన్నగా నలిపి, ఇంకో చేత్తో చెవిని పైకి లాగి పట్టుకొని లోపల పెట్టాలి. అది ఉబ్బి బిగుసుకునే వరకు వేలితో ఆపాలి. దూది పెట్టుకుంటే పెద్దగా లాభం లేదు. వినికిడి యంత్రం పెట్టుకునేవారు, యంత్రం ఆపేస్తే చెవి మూసుకున్నట్టేనని అనుకోవద్దు. మోత ఉన్నచోట ఏం చేయాలో ముందుగానే డాక్టరును అడగండి.

తెల్లవారుజామున పొండి. అప్పుడు గట్టు మీద భేరీలు, గజ్జెలు, మనుషుల గొంతులు మాత్రమే ఉంటాయి. డీజేవాళ్లు అప్పటికి నిద్రలో ఉంటారు. బాక్సుల ఎదురుగా కాకుండా పక్కకు కూర్చోండి. పెద్ద బేస్ మోత మాత్రం అన్ని దిక్కులా పోతుంది, దానికి దూరమే మందు. ఛాతీలో దడ అనిపించినా, చెవిలో గుయ్యిమన్నా ఆ క్షణమే లేచి రండి. ఒంటరిగా పోవద్దు. బీపీ, షుగరు మాత్రలు, నీళ్లు, ఫోను నంబరు రాసిన చీటీ జేబులో ఉండాలి. మనుమలను తీసుకుపోతే ముందు వారి చెవులు చూడండి. వారికి ఇంకా డెబ్భై ఏళ్లు వినవలసి ఉన్నది.

అన్నిటికన్నా ముఖ్యం, పోయినప్పుడు కథ చెప్పేవాడి ముందు కూర్చోండి. ఒగ్గువారో, సుద్దులవారో, కిన్నెరవారో ఒక మూల ఉంటారు. పది నిమిషాలు విని, ఒక నోటు వారి పళ్లెంలో వేసి, పాట బాగుందని నోటితో చెప్పి రండి. ఆ మాట వారికి నోటు కన్నా ఎక్కువ.

కమిటీలను అడగవలసినవి

మన సంఘం తరఫున జాతర కమిటీలను, కాలనీ కమిటీలను నాలుగు విషయాలు అడుగుదాం. ఒకటి, బాక్సులు జనం నడిచే దారికి, ఇళ్ల అరుగులకు దూరంగా పెట్టాలి. రెండు, డీజే బండి ఒకే ఇంటి ముందర ఐదు నిమిషాలకు మించి ఆగకూడదు. మూడు, రోజుకు ఒక గంట యంత్రాలన్నీ ఆపి, డప్పుకు, భేరీకి, గొంతుకు ఆ గంట ఇవ్వాలి. నాలుగు, పెద్దలు, పసిపిల్లల తల్లులు కూర్చోవడానికి మోతకు దూరంగా ఒక పందిరి వేయాలి. ఇందులో ఖర్చుతో కూడినది పందిరి ఒక్కటే. దానికి మన పింఛన్ల నుంచి తలా కొంత వేసుకోగలం.

ఇవి జరిగే పనులేనా అని మీలో కొందరికి అనుమానం రావచ్చు. మా కాలనీలో 2024 సద్దుల బతుకమ్మకు ముందు మేము నలుగురం పెద్దలం పోయి యువకులతో మాట్లాడాము. బాక్సులు వద్దనలేదు. మొదటి గంట మాకివ్వండి, తర్వాత మీ ఇష్టం అన్నాము. పిల్లలు ఒప్పుకున్నారు. మా ఇంటావిడను ఆడపిల్లలు చేయి పట్టుకొని తీసుకుపోయారు. ఆమె పాట ఎత్తింది. గొంతు కొంచెం వణికింది గాని వలయం అందుకున్నది. గంట అయిన తర్వాత డీజే మొదలైంది, ఆమె వెనక్కి వచ్చి నలభై మీటర్ల దూరంలో కుర్చీ వేసుకొని కూర్చున్నది. నేను కొలిచి వేసిన కుర్చీయే అది. బాక్సు పెట్టిన కుర్రవాడే వచ్చి, "అమ్మా, సౌండు సరిపోయిందా, ఇంకొంచెం తగ్గించాలా?" అని అడిగాడు. అడిగినంత మాత్రాన సగం బాధ తీరుతుంది.

2025లో ఆమె చెవిమూతలు పెట్టుకొని పెద్దగట్టుకు కూడా వచ్చింది. మళ్లీ జాతర 2027లో. ఆనాటికి ఆ పందిరి పడాలని, అందులో మన సంఘం సభ్యులు పదిమందైనా కూర్చొని ఉండాలని నా కోరిక. ఈ నాలుగు విషయాల మీద ఒక తీర్మానం చేసి కమిటీలకు పంపవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.